రెండో దశ పెద్దపేగు క్యాన్సర్: జన్యు వ్యక్తీకరణ పరీక్ష, ఎంఎంఆర్ పరీక్షలలో ఏది మేలు?

విశాఖపట్నంలో పెద్దపేగు క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేయించుకొని, నివేదికలో రెండో దశ (లింఫ్ గ్రంథులకు ఇంకా పాకని దశ) అని చూసుకున్న కుటుంబాలు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. కీమోథెరపీ కావాలో అక్కర్లేదో తేల్చుకోవడానికి ఖరీదైన జన్యు వ్యక్తీకరణ పరీక్ష (కణితిలో జన్యువులు ఎంత చురుగ్గా ఉన్నాయో కొలిచేది) చేయించాలా, ఎంఎంఆర్ పరీక్ష (డీఎన్‌ఏ పొరపాట్లను సరిదిద్దే ప్రోటీన్లు కణితిలో ఉన్నాయో లేదో చూసేది) సరిపోతుందా? అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి శ్రీకాకుళం నుంచి వచ్చే రైతుకైనా, ఎంవీపీ కాలనీలో ఉండే ఉద్యోగికైనా సందేహం ఇదే.

జన్యు వ్యక్తీకరణ పరీక్షలలో పేరున్నది ఆంకోటైప్ డీఎక్స్ కోలన్. అది కణితిలో 12 జన్యువుల ఆర్‌ఎన్‌ఏను కొలుస్తుంది; వాటిలో 7 వ్యాధికి సంబంధించినవి, 5 పోలిక కోసం తీసుకున్నవి. ఈ కొలతల నుంచి ముప్పును తెలిపే ఒక స్కోరు ఇస్తారు. ఆ ఏడింటిలో బీజీఎన్, ఎఫ్‌ఏపీ, ఇన్‌హెచ్‌బీఏ అనే మూడూ క్యాన్సర్ కణాల చుట్టూ అల్లుకున్న కణజాలపు స్థితిని తెలుపుతాయి, వాటి స్థాయి పెరిగితే వ్యాధి తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది. జన్యు వ్యక్తీకరణను బట్టి పెద్దపేగు క్యాన్సర్‌ను విభజిస్తూ 2015లో ప్రకటించిన నాలుగు సీఎంఎస్ ఉపరకాలలోనూ ఇటువంటి కణజాలం దట్టంగా ఉండే నాలుగో రకానికే భవిష్యత్తు బాగుండదు. కణితిని ఇంత లోతుగా చూపే విద్య నాకు నిజంగా ఆసక్తికరం.

అయినా నా దృష్టిలో నిర్ణయాత్మకమైన విషయం వేరు: ఫలితం చేతికి వచ్చాక చికిత్స మారుతుందా? శస్త్రచికిత్స తర్వాత కీమో ఇచ్చినవారిని, ఇవ్వనివారిని పోల్చిన క్వాసార్ ప్రయోగంలోని 1,436 మంది రెండో దశ రోగుల నమూనాలపై 2011లో వెలువడిన అధ్యయనంలో, కేవలం శస్త్రచికిత్స జరిగినవారికి మూడేళ్లలో వ్యాధి తిరగబెట్టే అవకాశం తక్కువ స్కోరు వర్గంలో 12 శాతం, మధ్య వర్గంలో 18, ఎక్కువ వర్గంలో 22 శాతంగా తేలింది. కీమో ఎవరికి ఎక్కువగా పనిచేస్తుందో మాత్రం ఆ స్కోరు చెప్పలేకపోయింది. ముప్పు ఎక్కువైనవారికి దక్కే లాభం కూడా కొంత ఎక్కువే కదా అన్న వాదనలో న్యాయముంది. కానీ ఈ అంకెల మధ్య తేడా చూసి ఒకరికి కీమో ఇచ్చి మరొకరికి మానడం అంత సులువు కాదు.

ఎంఎంఆర్ పరీక్ష అలా కాదు. ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 ప్రోటీన్లలో ఏదైనా లోపించిన రెండో దశ రోగికి వ్యాధి తిరగబెట్టే ముప్పు తక్కువ, పైగా 5-ఎఫ్‌యూ అనే మందు ఒక్కదానితో చేసే కీమో వల్ల ప్రయోజనం కనబడదు కాబట్టి దానిని మానవచ్చు. వ్యాధి ఎప్పుడైనా వ్యాపిస్తే ఇమ్యునోథెరపీకి (రోగనిరోధక శక్తితో క్యాన్సర్‌ను ఎదుర్కొనే చికిత్సకు) దారి చూపేదీ ఈ ఫలితమే. లించ్ సిండ్రోమ్ (వంశపారంపర్యంగా క్యాన్సర్ ముప్పును పెంచే స్థితి) అనుమానం కలిగితే తోబుట్టువులనూ పిల్లలనూ ముందే పరీక్షించి కాపాడుకోవచ్చు. ఇన్ని నిర్ణయాలకు ఆధారమైన ఈ పరీక్ష ఖర్చు జన్యు పరీక్షలో చిన్న భాగమే. అందుకే నేను ముందుగా దీనినే ఎంచుకోమంటాను. దీనితోపాటు కనీసం 12 లింఫ్ గ్రంథులను పరిశీలించారా, కణితి టీ4 స్థాయికి (పేగు బయటి పొరకు లేదా పక్క అవయవాలకు పాకిన స్థాయికి) చేరిందా, పేగు మూసుకుపోవడం లేదా చిల్లుపడటం జరిగిందా అన్నవి నివేదికలో తప్పక చూడాలి. ఇవన్నీ చూశాక కూడా టీ3 కణితి (పేగు గోడ కండరాన్ని దాటినా టీ4 అంత పాకనిది), ఎంఎంఆర్ మామూలుగా ఉండి నిర్ణయం తేలనివారికి, ఖర్చు భరించగలిగితే, జన్యు పరీక్ష అదనపు సమాచారం ఇస్తుంది.

రక్తంలో కణితి డీఎన్‌ఏను వెతికే పద్ధతి కూడా ఉంది. 2022లో వచ్చిన డైనమిక్ ప్రయోగంలో రెండో దశ రోగులకు కీమో ఇవ్వాలా వద్దా అన్నది దాని ఆధారంగా నిర్ణయించినప్పుడు, కీమో తీసుకున్నవారు 28 నుంచి 15 శాతానికి తగ్గారు, వ్యాధి తిరగబెట్టడం పెరగలేదు. పేగు కణాల్లో సహజంగా ఉండే ఒక ప్రోటీన్ కణితిలో ఉందో లేదో చూసే సీడీఎక్స్2 పరీక్ష అనుబంధంగానే ఉపయోగపడుతుంది.

ఏది ఎంచుకున్నా పారఫిన్ బ్లాకులు (మైనంలో భద్రపరిచిన కణితి ముక్కలు), స్లైడ్లు, పూర్తి నివేదిక ఆసుపత్రి నుంచి అడిగి తీసుకొని భద్రపరచుకోండి. తర్వాత చేసే కణజాల పరీక్షలన్నీ ఆ బ్లాకుల మీదే జరగాలి.