అండమాన్ యాత్ర: చెన్నైలోని ఒక ట్రావెల్ ఏజెన్సీ సేవలపై సమీక్ష

మా కుటుంబ అండమాన్ యాత్రను చెన్నై టీ.నగర్‌లోని ఒక చిన్న ట్రావెల్ ఏజెన్సీ ఏర్పాటు చేసింది. వారి ప్రణాళికలో నాకు అన్నిటికన్నా నచ్చినది వేళల విషయంలో చూపిన శ్రద్ధ: ఆ దీవులు ఎంతో తూర్పున ఉన్నా అక్కడ పాటించేది మన భారత కాలమానమే కనుక, డిసెంబరులో సాయంత్రం 5 గంటల ప్రాంతానికే సూర్యుడు అస్తమిస్తాడని ముందే వివరించి, రాధానగర్ తీరానికి మధ్యాహ్న భోజనం కాగానే బయలుదేరేలా అమర్చారు. 2018లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హేవ్‌లాక్ నుండి, తిరుగు విమానానికి ముందురోజే మమ్మల్ని ఓడలో పోర్ట్‌బ్లెయిర్ చేర్చడం మరింత వివేకమైన పని. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఓడలు రద్దవుతుంటాయి. హోటళ్లు పరిశుభ్రంగా ఉన్నాయి. అయితే స్కూబా డైవింగ్ రుసుము ప్యాకేజీలో లేదన్న సంగతిని కొటేషన్‌లో స్పష్టంగా రాయకపోవడం సరికాదు. ఆ వివరాన్ని అడ్వాన్సు చెల్లించకముందే రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.