బిగినర్స్ నిట్టింగ్ కిట్ రివ్యూ: మూడు ప్రాజెక్టుల దాకా సూపర్, నాలుగోది ఎవరు పెట్టారో గానీ

ఈ కిట్ మా చెల్లి కోసం తెప్పించా. తను సూదులు పట్టుకోవడం ఇదే మొదటిసారి, నాకేమో అల్లిక ముందు నుంచీ వచ్చు, పక్కనే కూర్చుని తను ఎక్కడ తడబడుతోందో చూస్తూ ఉన్నా కాబట్టి ఈ రివ్యూ ఇద్దరి తరఫునా అనుకోండి. కంపెనీ పేరు చెప్పను, ఎలాగూ ఇలాంటి కిట్లన్నీ కాస్త అటూఇటూగా ఒకేలా ఉంటున్నాయి, ఏం చూసి కొనాలో తెలిస్తే చాలు.

బాక్సులో కాటన్ దారం ఒక ఉండ, మీడియం మందం ఊలు ఉండలు, 5 ఎంఎం వెదురు సూదుల జత, 40 సెంటీమీటర్ల సర్క్యులర్ సూది (రెండు మొనల మధ్య తీగ ఉండి, గుండ్రంగా చుట్టూ అల్లడానికి వాడేది), గుర్తుకి పెట్టుకునే రింగులు, దారం చివర్లు లోపలికి దాచే మొద్దు సూది, ఒక చిన్న బుక్కు ఉన్నాయి. వెదురు సూదులు ఇవ్వడం మంచి పని. స్టీల్ సూదుల మీద కుట్లు, అంటే సూదికి ఎక్కిన దారం ఉచ్చులు, జర్రున జారిపోతాయి, చెయ్యి తిరిగినవాళ్ళకి అది స్పీడు, కొత్తవాళ్ళకి ఏడుపు.

అసలు సంగతి బుక్కులో ఉంది. నాలుగు ప్రాజెక్టులు: తుడుచుకునే చిన్న గుడ్డ, మఫ్లర్, టోపీ, కార్డిగన్ (ముందు గుండీలుండే స్వెటర్). నేను ఇలాంటి కిట్‌లో ఫోటోలు చూడను, ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్ళేటప్పుడు కొత్తగా ఎన్ని నేర్చుకోవాలో లెక్కేస్తా. ఒకటో రెండో అయితే ఓకే, ఐదారు ఒకేసారి మీద పడితే ఆ ఊలు అల్మారాలోకి పోయినట్టే.

గుడ్డ డిజైన్ నాకు బాగా నచ్చింది. మూల నుంచి మొదలవుతుంది, సూదికి నాలుగే నాలుగు కుట్లు ఎక్కించాలి. ప్రతి వరసలో రెండు కుట్లు అల్లి, దారం ఒక చుట్టు ముందు నుంచి సూది మీద వేసి, మిగతాదంతా నిట్, అంటే దారం వెనక ఉంచి వేసే మామూలు కుట్టు. అలా వరసకి ఒక కుట్టు పెరుగుతూ 44 దాకా వెళ్తుంది, తర్వాత తగ్గించుకుంటూ మళ్ళీ నాలుగుకి వస్తుంది. అంచుల్లో వరసగా చిన్న చిన్న బెజ్జాలు పడి డిజైన్‌లా కనిపిస్తాయి. పర్ల్, అంటే దారం ముందుకి తెచ్చి వేసే ఉల్టా కుట్టు, అసలు లేదు, అయినా పెంచడం, తగ్గించడం రెండూ వచ్చేస్తాయి. ఎక్కడైనా తేడా కొట్టినా పర్లేదు, గిన్నెలు తుడిచే గుడ్డకి వంకరేంటి?

ఇక్కడ బుక్కులో రాయని విషయం ఒకటుంది. వరస మొదట్లో దారం సూది మీదుగా వెనక్కి లాగితే మొదటి కుట్టు పైకి లేచి రెండు కాళ్ళు కనిపిస్తాయి, కొత్తవాళ్ళు అవి రెండు కుట్లు అనుకుని రెండూ అల్లేస్తారు. ఈ గుడ్డలో వరసకి ఒకటే పెరగాలి, మా చెల్లికి రెండేసి పెరుగుతుంటే గుడ్డ ఒక పక్కకి ఈడ్చుకుపోయింది, పాపం తనకి అర్థం కాదు. దారం కింద నుంచే వెనక్కి తీసుకెళ్ళు అని చూపించాక సెట్ అయింది. ఒక్క బొమ్మ వేసుంటే సరిపోయేది కదా.

మఫ్లర్ రెండు నిట్ రెండు పర్ల్ రిబ్బింగ్, అంటే నిలువు చారల్లా వచ్చే అల్లిక. ఇది కరెక్ట్ ఎంపిక అంటాను, ఎందుకంటే చాలా కిట్లలో మొదటి మఫ్లర్ స్టాకినెట్‌లో (ఒక వరస నిట్, ఒక వరస పర్ల్) ఇస్తారు, అదేమో అంచులు గొట్టంలా చుట్టుకుపోయి నేనేదో తప్పు చేశానని జనం బాధపడతారు, కానీ ఆ అల్లిక స్వభావమే అంత. రిబ్బింగ్ చుట్టుకోదు, పైగా సాగుతుంది. నిట్ నుంచి పర్ల్‌కి మారేటప్పుడు దారం ముందుకి తేవాలి, పర్ల్ నుంచి నిట్‌కి వెనక్కి పంపాలి, ఇది మర్చిపోతే సూది మీద ఒక కుట్టు ఎక్స్‌ట్రా వచ్చి కూర్చుంటుంది. కొంత దూరం అల్లేసరికి సాఫీగా కనిపించేది నిట్, గుబ్బలా ఉండేది పర్ల్ అని కంటికే తెలిసిపోతుంది, ఇక కాగితం చూడక్కర్లేదు.

కానీ దీనికి ఇచ్చిన ఊలు నల్లది అండీ! నల్ల దారంలో కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ అయిందో రాత్రి లైట్ కింద నాకే కనిపించలేదు. లేత రంగు, నునుపు దారం ఇవ్వాలి కొత్తవాళ్ళకి. నూగు నూగుగా ఉండే దారం కూడా వద్దు, విప్పాలంటే నూగు చిక్కుకుని రాదు.

టోపీ బాగుంది. చుట్టూ తిరిగి అల్లుతాం కాబట్టి పర్ల్ లేకుండానే స్టాకినెట్ వచ్చేస్తుంది, కింద పట్టీకి మాత్రం రిబ్బింగ్, అది మఫ్లర్‌లో వచ్చేసిందే. కొత్తది వరస రెండు చివర్లనీ మెలిక పడకుండా కలపడం ఒక్కటే, పైన తగ్గించడం గుడ్డలో కాస్త అలవాటైందే. గేజ్, అంటే ఇంత కొలతకి ఎన్ని కుట్లు వస్తున్నాయో, చూసుకోమని గట్టిగా చెప్పడం మెచ్చుకోవాలి: 10 సెంటీమీటర్లకి 18 కుట్లు వస్తే 90 కుట్ల టోపీ 50 సెంటీమీటర్లు, అదే బిగించి అల్లేవాళ్ళకి 20 వస్తే 45, తలకి పట్టేస్తుంది. ఒక లోపం, పైకి వెళ్ళేకొద్దీ కుట్లు తగ్గి 40 సెంటీమీటర్ల సూది చుట్టూ సాగవు, అప్పుడు రెండు వైపులా మొన ఉన్న పొట్టి సూదులు కావాలి. అవి బాక్సులో లేవు, కావాలని బుక్కులో ముందు చెప్పనూ లేదు. టోపీ అయిపోవచ్చిందనుకునేసరికి ఆగిపోవాల్సి వచ్చింది, నా సూదులు ఉన్నాయి కాబట్టి సరిపోయింది, లేనివాళ్ళు ఏం చేస్తారు?

ఇక కార్డిగన్. ముక్కలు ముక్కలుగా అల్లి కుట్టాలి, మెడ దగ్గర షేపు, గుండీల కాజాలు, మెడ చుట్టూ కుట్లు ఎత్తుకోవడం, అన్నీ ఒకేసారి! ఊలు కూడా సొంతంగా కొనుక్కోవాలట. ఆ స్థానంలో వేళ్ళు లేని గ్లోవ్స్ పెట్టుంటే బొటనవేలి దగ్గర పెంచడం ఒక్కటే కొత్తగా వచ్చేది, దాని తర్వాత పై నుంచి కిందికి అల్లే పసిపిల్లల స్వెటర్ వేసుకోవచ్చు, చిన్నది కాబట్టి ఓపిక అయిపోయేలోపు అయిపోతుంది.

మొత్తానికి ఐదుకి మూడున్నర ఇస్తా. పక్కన తెలిసినవాళ్ళు ఉంటే ధైర్యంగా తీసుకోండి, ఒక్కరే నేర్చుకుంటుంటే లేత రంగు ఊలు ఒక ఉండ, పొట్టి సూదుల సెట్టు కూడా అప్పుడే కొనేసుకోండి. మా చెల్లి కార్డిగన్ జోలికి పోలేదు, మిగిలిన ఊలుతో గ్లోవ్స్ మొదలుపెట్టి బొటనవేలి కుట్లు పక్క దారం మీదకి తీసిపెట్టే దాకా వచ్చింది.