భీమిలి మొగలో కయాక్: డబ్బు నీళ్లపాలు కాదు, బురదపాలు

విశాఖ దగ్గరి భీమిలి మొగలో (నది సముద్రంలో కలిసేచోట) కయాక్, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవ, ఎక్కాలనుకునేవారు డబ్బు తీసేముందు ఒక్క ప్రశ్న అడగండి: ఇప్పుడు పోటా (సముద్రం ఎక్కుతోందా), పాటా (దిగుతోందా)? మేం అడిగాం. "ఇక్కడ నీళ్లు ఎప్పుడూ ఇంతే ఉంటాయి సార్" అన్నాడు కయాక్‌లు అద్దెకిచ్చే గుడారం కుర్రాడు. అరగంటకు మనిషికి 400 చొప్పున నలుగురికి 1,600 తీసుకున్నాడు. లైఫ్ జాకెట్టుకు విడిగా 50 అట, అదీ "కావాలంటేనే"!

గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట ఇసుకమేట అడ్డుపడి, దాని వెనక నీరు చెరువులా పరుచుకుంటుంది. అలలుండవు, లోతుండదు. పిల్లలున్నవారికి రుషికొండ కంటే ఇదే నయం. కానీ సముద్రం ఆరు గంటలు ఎక్కితే ఆరు గంటలు దిగుతుంది, దాంతోపాటే ఈ నీరూ దిగుతుంది.

పావుగంటకే పడవ అడుగు గరగరమంది. తెడ్డు వేస్తే నల్లటి బురద లేస్తోందే తప్ప పడవ కదలదు. తోయడానికి దిగిన మా బావమరిది మోకాళ్లదాకా కూరుకుపోయాడు. ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది. మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది, అతను మాట్లాడటం మానేశాడు. పడవలు లాక్కుంటూ ఒడ్డుకు చేరేసరికి గంట దాటింది. "టైము దాటింది, ఇంకో 800 ఇవ్వండి" అన్నాడు కుర్రాడు! వాదించి వాదించి, 200 పారేసి బయటపడ్డాం.

డచ్చివారి సమాధులు, దీపస్తంభం చూశాం, బాగున్నాయి.

కుర్రాడితో మా గొడవంతా చూస్తూ విసురు వల బాగుచేసుకుంటున్న పెద్దాయన "రెండు దాటాక పోటు తిరుగుతుంది బాబూ, అప్పుడు రండి, గాలం వేయడం నేర్పుతా" అన్నాడు. రెండు గాలాలు, ఎరకు బతికున్న రొయ్యలు, పక్కనే ఉండి నేర్పడం, అన్నీ కలిపి 300. రొయ్య చచ్చిపోకుండా తోక దగ్గర గుచ్చాలి, దారం చూపుడువేలి మీద ఆనించి ఉంచాలి, మొదటి కుదుపుకే లాగకూడదు. బావమరిదికి అరకేజీ పండుగప్ప పడింది. అప్పటికి నోరు విప్పాడు, ఇక ఆపితే ఒట్టు. బస్టాండు దారిలోని చిన్న హోటల్లో దాన్నే మిరియాలు, ఉప్పు పట్టించి వేయించి ఇచ్చారు, కూలి 120. నగరంలో 600 పెట్టినా ఆ రుచి రాదు.

విశాఖ నుంచి బీచ్ రోడ్డు మీదుగా 900కె బస్సు వస్తుంది, కారు అవసరం లేదు. ఆదివారం మాత్రం వద్దు. కాళ్లకు పట్టీ ఉన్న చెప్పులే వేసుకోండి.