చింక్వె టెర్రె: దారి మూసిన రోజు కార్డు కొనాలా, వద్దా?

ఇటలీ వాయవ్య తీరాన, లిగురియా కొండలకు అతుక్కుని ఉన్న ఐదు ఊళ్ళు ఇవి: మొంటెరొస్సొ, వెర్నాట్సా, కార్నిల్యా, మనరోలా, రియోమజ్జోరె. వీటిని కలిపే ఒడ్డు కాలిబాటను నీలి దారి అంటారు, పలకల మీద నంబరు 592. దీని మీద నడవడానికి ఇక్కడి జాతీయ పార్కు అమ్మే పాసే పైన చెప్పిన కార్డు. ఫొటోలు చూసి ఒకే రోజులో ఐదూళ్ళూ ఈ దారినే నడిచేద్దామని బయల్దేరేవాళ్ళు ఒక సంగతి తెలుసుకోవాలి. 2012 సెప్టెంబరు నుంచి ఈ దారి మొత్తంగా తెరిచి ఉన్నది లేదు.

ఆ నెలలో రాళ్ళు పడి నలుగురు పర్యాటకులు గాయపడటంతో రియోమజ్జోరె–మనరోలా మధ్య ఉన్న వియా దెల్లామోరె (‘ప్రేమ బాట’) అనే ముక్క మూతపడింది. కిలోమీటరు కూడా లేని ఆ ముక్కను బాగుచేసి తెరిచేసరికి 2024 వేసవి వచ్చింది. రియోమజ్జోరె వైపు నుంచే లోపలికి పంపుతున్నారు, అదీ ముందే టైమ్ స్లాట్ బుక్ చేసుకుంటేనే. తెరిచిన ఏడాది దీనికి కార్డు మీద 10 యూరోలు అదనంగా తీసుకున్నారు. ఇరవై నిమిషాల చదును నడకకు అది ఎక్కువే. మనరోలా–కార్నిల్యా ముక్క కొండచరియలు విరిగి ఏళ్ళ తరబడి మూతలోనే ఉంది. అసలైన కొండ నడక అంటే కార్నిల్యా–వెర్నాట్సా, వెర్నాట్సా–మొంటెరొస్సొ ముక్కలే. ఒక్కోటి సుమారు మూడున్నర కిలోమీటర్లు, గంటన్నర నుంచి రెండు గంటలు. రైలు కలవని ట్రెకింగ్ కార్డు ఉపయోగం ఈ రెండింటి దగ్గరే.

2024 ధరల్లో ట్రెకింగ్ కార్డు రద్దీని బట్టి 7.50 నుంచి 15 యూరోలు. రైలు కూడా కలిసిన ఒక రోజు కార్డు 19.50తో మొదలై, రద్దీ రోజుల్లో 30 దాటేది. ఈ రెండు ముక్కలూ మూసి ఉంటే ట్రెకింగ్ కార్డు కొనడం దండగ. రైలు కార్డుదీ మామూలు లెక్కే: నాలుగు సార్లు రైలెక్కేట్టయితే గిట్టుతుంది, మూడు సార్లయితే విడి టికెట్లే చవక. కొన్నాక దారి మూశారని డబ్బు వెనక్కి వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. అందుకే ముందురోజే ఆన్‌లైన్లో కొనేయకుండా, పొద్దున స్టేషన్‌లో పార్కు కౌంటర్ దగ్గర ఏ ముక్క తెరిచి ఉందో అడిగి కొనండి.

ముందురోజు రాత్రి చూడాల్సింది లిగురియా వాతావరణ హెచ్చరిక. పసుపు, నారింజ, ఎరుపు అని మూడు మెట్లు. నారింజ, ఎరుపు రోజుల్లో నీలి దారి మూస్తారు. పసుపు అయితే పొద్దున మళ్ళీ కనుక్కోవాలి. ఎండ కాస్తుంటే మూశారేమిటని గొడవపడేవాళ్ళు 2011 అక్టోబరు 25ను గుర్తు చేసుకోవాలి. కొన్ని గంటల కుండపోతకే కొండ జారి వెర్నాట్సా నడివీధి మట్టిలో కూరుకుపోయింది.

ఇంతకీ కొండ ఎందుకు జారుతుంది? ఇక్కడి ద్రాక్షతోటలన్నీ మెట్ల సేద్యం. ఒక్కో మెట్టునూ నిలబెట్టేది సున్నం, సిమెంటు ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడ. సందుల్లోంచి నీళ్ళు కారిపోతున్నంత కాలం గోడకు ఢోకా లేదు. తోట వదిలేస్తే సందులు మట్టితో పూడి, వెనక మట్టి నీళ్ళు తాగి బరువెక్కుతుంది. గోడ నడుమ కడుపులా ఉబ్బుతుంది. వాన వెలిసిన మర్నాడు కూడా కూలవచ్చు కాబట్టి, ఉబ్బిన గోడ కింద ఫొటోకని ఆగకండి.

మనరోలా–కార్నిల్యా మధ్య ఒడ్డు దారి లేదు కాబట్టి కొండ మీది వొలాస్ట్రా ఊరి మీదుగా పైదారి పట్టాలి. నిజం చెప్పాలంటే నీలి దారి కన్నా ఇదే బాగుంటుంది, పైగా కార్డు అక్కర్లేదు. మనరోలా నుంచి 506 నంబరు దారిలో ఎక్కితే వెయ్యికి పైగా రాతి మెట్లు. మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళు వొలాస్ట్రా దాకా చిన్న బస్సెక్కడం మేలు. అక్కడి చర్చి దగ్గర 586 అందుకుంటే చాలాసేపు ద్రాక్షతోటల మధ్య చదునుగా సాగుతుంది, కొన్నిచోట్ల గోడ అంచు మీదే నడక. చివర 587లో కార్నిల్యాకు దిగుడు, మొత్తం రెండున్నర గంటలు. జాగ్రత్త అవసరమైంది ఆ దిగుడులోనే: చెట్ల నీడలో తడి ఆకుల కింద రాళ్ళు కనపడవు. హెచ్చరిక ఉన్న రోజు, గట్టి వాన పడిన మర్నాడు ఈ దారీ వద్దు.

చెప్పులతో వస్తే జరిమానా, 50 యూరోల నుంచి మొదలు. అడుగు పట్టున్న బూట్లే వేసుకోండి.

దారులన్నీ మూసినా ఊళ్ళు మూతపడవు. లా స్పెట్సియా–లెవాంతో రైలు చాలావరకు సొరంగాల్లోనే పోతుంది, ఊరికీ ఊరికీ మధ్య కొద్ది నిమిషాలే. శాకాహారులకు ఫరినాతా ఉంది: శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పొయ్యిలో కాల్చే అట్టు, వేడిగా ఉన్నప్పుడే తినాలి. చేపలు తినేవాళ్ళు మొంటెరొస్సొలో ఉప్పులో ఊరేసిన అచ్చూగె వదలొద్దు. మన నెత్తళ్ళకు దగ్గరి చుట్టాలు.

కార్నిల్యాలో స్టేషన్ నుంచి ఊళ్ళోకి 382 మెట్లు, పక్కనే బస్సు కూడా ఉంది. పడవ మాత్రం కార్నిల్యాలో ఆగదు. సముద్రం అల్లకల్లోలంగా ఉన్న రోజు అసలు బయల్దేరదు.