హోల్స్ట్ పుట్టిన ఇల్లు, పాటలు కట్టిన ఊరు, చివరి రాయి

మా అమ్మాయి బడి వాద్యబృందంలో రెండేళ్లుగా చెల్లో వాయిస్తోంది. నిరుడు వాళ్లు సాధన చేసిన 'సెయింట్ పాల్స్ సూట్'ను కూర్చిన ఇంగ్లండ్ స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్, ఋగ్వేద సూక్తాలను తానే ఇంగ్లీషులోకి తెచ్చుకొని వాటికి బాణీలు కట్టడం కోసం లండన్‌లో మేబెల్ బోడ్ అనే పండితురాలి దగ్గర సంస్కృతం నేర్చుకున్నారని చదివాను. ఉషస్సును, వరుణుడిని, మరుత్తులను పాడించిన ఆ మనిషి బతికిన చోట్లను చూడాలని అప్పుడే అనుకున్నాను. ఈ వేసవి సెలవుల్లో నేను, నా భార్య, అమ్మాయి కలిసి చెల్టెన్‌హమ్, బార్న్స్, థాక్స్‌టెడ్, చిచెస్టర్ చూసి వచ్చాము.

లండన్ పాడింగ్టన్ నుంచి చెల్టెన్‌హమ్‌కు రైలులో సుమారు రెండు గంటల ప్రయాణం. స్టేషన్ ఊరి నడిబొడ్డుకు దూరంగా ఉంటుంది కనుక సామానుతో వెళ్లేవారు బస్సునో టాక్సీనో నమ్ముకోవడం మంచిది. హోల్స్ట్ 1874 సెప్టెంబరు 21న పుట్టిన ఇల్లు క్లారెన్స్ రోడ్డులో ఉంది. 1975 నుంచి అది మ్యూజియం. కింద వంటగది, పై అంతస్తుల్లో పిల్లల గది, పడక గదులు విక్టోరియా కాలపు సామగ్రితో శ్రద్ధగా అమర్చి ఉన్నాయి. నిజం చెప్పాలంటే, ఆ ఇల్లు స్వరకర్త గురించి చెప్పేదానికంటే ఆ కాలపు మధ్యతరగతి కుటుంబం గురించి ఎక్కువ చెబుతుంది. తల్లి క్లారా 1882లో పోయేనాటికి ఆయనకు ఏడేళ్లే. తండ్రి పియానో గురువు, చర్చిలో ఆర్గన్ వాయించేవారు. కొడుకు పియానో విద్వాంసుడు కావాలని ఆయన ఆశ. కుడిచేతిని పట్టిన నరాల నొప్పి ఆ ఆశను నిలువనీయలేదు.

అయినా ఆ ఇంట్లో ఒక్క వస్తువు కోసమే అంత దూరం వెళ్లవచ్చు. గ్రహాల పేర్లతో ఏడు భాగాలుగా పెద్ద వాద్యబృందానికి కూర్చిన 'ది ప్లానెట్స్'ను కట్టిన పియానో అక్కడ ఉంది. మా అమ్మాయి దాని ముందు చాలాసేపు నిలబడి, "నాన్నా, ఇంత చిన్నదానిమీదా అంత పెద్ద చప్పుడు కట్టింది?" అని అడిగింది. నాకూ అదే అనిపించింది. మ్యూజియం వారమంతా తెరిచి ఉండదు. రోజులు చూసుకొని బయలుదేరాలి. ఇంపీరియల్ గార్డెన్స్‌లోని విగ్రహంలో ఆయన వాద్యబృందాన్ని నడిపించే చిన్న కర్రను ఎడమచేత పట్టుకొని ఉంటారు. చేతినొప్పి సంగతి తెలిసినవారికి ఆ చిన్న వివరం మనసును తాకుతుంది.

చెల్టెన్‌హమ్‌లో మేము దిగిన అతిథిగృహం శుభ్రంగానే ఉంది గానీ, గది మూడో అంతస్తులో అనీ, లిఫ్టు లేదనీ ముందుగా చెప్పలేదు. మోకాళ్ల నొప్పులున్న నా భార్యకు అది కష్టమైంది. పాత ఇళ్లను బసగా మార్చిన చోట్ల ఈ ప్రశ్న ఫోనులోనే అడిగి తీరాలి. ఉదయం ఫలహారంలో శాకాహారులకు రొట్టె, పుట్టగొడుగులు, టమాటాలకు మించి దొరకలేదు.

లండన్‌లోని బార్న్స్‌లో థేమ్స్ ఒడ్డున ఆయన 1908 నుంచి 1913 దాకా ఉన్న ఇంటికి, ప్రముఖులు నివసించిన ఇళ్లకు పెట్టే నీలి ఫలకం ఉంది. లోపలికి ప్రవేశం లేదు, పావుగంట చాలు. హామర్‌స్మిత్‌లో ఆయన 1905 నుంచి చనిపోయేదాకా పాఠాలు చెప్పిన సెయింట్ పాల్స్ బాలికల పాఠశాల నడుస్తున్న బడి కనుక మేము లోపలికి వెళ్లే ప్రయత్నం చేయలేదు.

ఇక థాక్స్‌టెడ్. ఒక్క రోజే వీలున్నవారు మిగిలినవన్నీ వదిలి ఇక్కడికే రావాలని నా గట్టి అభిప్రాయం. ఎసెక్స్‌లోని ఈ చిన్న ఊరికి రైలు లేదు. స్టాన్‌స్టెడ్ విమానాశ్రయం దాకా రైలులో వచ్చి బస్సు పట్టుకోవాలి, ఆ బస్సులు తరచుగా ఉండవు. బస చేయడానికి గదులు కూడా తక్కువ. మేము పగలంతా ఉండి తిరుగు బస్సు అందుకున్నాము, కానీ ఒక రాత్రి ఉండవలసిందని ఇప్పటికీ అనిపిస్తోంది. కాలినడకన తిరుగుతూ ఈ ఊరిని కనుగొన్న హోల్స్ట్, 1914లో పక్కనే మాంక్ స్ట్రీట్‌లో పూరికప్పు ఇంట్లో కాపురం పెట్టారు. ఆ ఇల్లు తరువాత కాలిపోయింది. 1917 నుంచి 1925 దాకా ఉన్న 'ది మాన్స్' మాత్రం టౌన్ స్ట్రీట్‌లో నిలిచి ఉంది. పేరులో జర్మన్ పద్ధతి 'వాన్' ఉన్నందుకు మొదటి ప్రపంచ యుద్ధం మొదట్లో ఊరివాళ్లు ఆయనను జర్మన్ గూఢచారేమో అని అనుమానించారు. అదే ఊరి చర్చిలో 1916లో ఆయన తన విద్యార్థినులను, మోర్లీ కాలేజీలో తాను నేర్పిన కార్మికులను తీసుకువచ్చి సంగీతోత్సవం జరిపారు.

ఆ చర్చిలో మేము రెండు గంటలు కూర్చున్నాము. ఎత్తైన కిటికీల నుంచి తెల్లని వెలుగు నేరుగా నేలమీద పడుతుంది. లింకన్ అనే తయారీదారు చేసిన 1821 నాటి ఆర్గన్ ఇప్పటికీ అక్కడే ఉంది. నేను చెవిలో 'ది ప్లానెట్స్' పెట్టుకొని విన్నాను. జ్యోతిషం మీది ఆసక్తితో ఆయన కట్టిన ఆ ఏడు భాగాల్లో సూర్యచంద్రులు లేరు, రాహుకేతువులు లేరు. మనం పేరు ఎత్తడానికే జంకే శని ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. 'వార్ధక్యాన్ని తెచ్చేవాడు' అని దానికి ఉపశీర్షిక. నెమ్మదిగా అడుగులు వేసే ఆ లయ వింటుంటే మనవాళ్లు శనిని మందుడని ఎందుకన్నారో చెవులకే తెలుస్తుంది. గురుడి భాగంలోని నిండైన బాణీని ఆయన తరువాత కీర్తనగా మలచినప్పుడు దానికి పెట్టిన పేరు ఈ ఊరిదే, 'థాక్స్‌టెడ్'. మహాభారతం నుంచి తీసుకున్న ఆయన సంగీత నాటకం (ఒపేరా) 'సావిత్రి' కూడా 1916 డిసెంబరులోనే లండన్‌లో తొలిసారి ప్రదర్శితమైంది. ముగ్గురే ప్రధాన గాయకులు, పన్నెండు వాద్యాలు, అరగంట నిడివి. రంగం చీకటిగా ఉండగా వాద్యాలేవీ లేకుండా మొదట వినిపించేది యముడి గొంతు.

చిచెస్టర్‌కు లండన్ నుంచి గంటన్నర పైచిలుకు. స్టేషన్ నుంచి కెథెడ్రల్‌కు నడిచి వెళ్లవచ్చు, ప్రవేశ రుసుము లేదు. 1934 మే 25న కన్నుమూసిన ఆయన అస్థికలను, ఆయన ఎంతో ఇష్టపడిన పాతకాలపు స్వరకర్త థామస్ వీల్క్స్ స్మారకానికి దగ్గరలో ఉంచారు. నేలమీద రాయి మాత్రమే ఉంది. సాయంత్ర ప్రార్థనలో గాయకబృందం పాడుతుందని చెబితే ఆగిపోయాము. వెనుక వరుసలో కూర్చున్న అమ్మాయి, పాట ముగిసిన తరువాత కూడా ఎడమచేతి వేళ్లను మోకాలిమీద తీగలను నొక్కినట్లు కదుపుతూనే ఉంది.