మిషన్ స్ట్రీట్‌లో ఏసీ గార్డ్స్ గుర్తొచ్చింది

శాన్‌ఫ్రాన్సిస్కో అంటే గోల్డెన్ గేట్ దగ్గర నాలుగు ఫొటోలు దిగి, లొంబార్డ్ స్ట్రీట్ వంకరలు చూసి, చీకటి పడకముందే ఫ్రీమాంట్ చేరిపోవడం. ఫ్రీమాంట్‌లో తమ్ముడింటికి వెళ్ళినప్పుడల్లా నేనూ అంతే చేశాను. ఈసారి మేనల్లుడు "అత్తా, చిన్న మ్యూజియం ఒకటుంది, వస్తావా?" అని మ్యూజియం ఆఫ్ ది ఆఫ్రికన్ డయాస్పోరాకి, అంటే ఆఫ్రికా నుంచి ప్రపంచమంతా చెదిరిపోయినవాళ్ళ మ్యూజియంకి తీసుకెళ్ళాడు.

కారు వద్దన్నాను. ఆ ఊళ్ళో పార్కింగ్ ఖర్చు ఒకటి, సీట్లో బ్యాగు కనిపిస్తే అద్దం పగలగొడతారన్న టెన్షన్ ఒకటి. ఫ్రీమాంట్‌లో బార్ట్ (అక్కడి లోకల్ రైలు) ఎక్కితే మాంట్‌గోమరీ స్టేషన్‌లో దిగొచ్చు, అక్కణ్ణుంచి ఐదారు నిమిషాల నడక.

2005లో తెరిచిన ఈ మ్యూజియం మిషన్ స్ట్రీట్‌లో పెద్ద హోటల్ టవర్ కింది అంతస్తుల్లో ఇమిడి ఉంటుంది. లోపలికి వెళ్ళే ముందు రోడ్డుకి అవతలి పక్కన నిలబడండి. అద్దాల వెనక మూడంతస్తుల ఎత్తున ఒక ఆఫ్రికన్ అమ్మాయి ముఖం కనిపిస్తుంది. లోపల మెట్లెక్కుతూ దగ్గరికి వెళ్తే ఆ ముఖం మాయమైపోతుంది. కన్ను ఉండాల్సిన చోట ఎవరిదో పెళ్ళి, ఎవరో ముసలాయన, ఎవరో పసిపిల్ల. రెండువేలకు పైగా ఫొటోలు పక్కపక్కనే పేర్చి చేసిన ముఖమది. నేను మెట్ల మీదే పావుగంట ఉండిపోయాను.

పై గ్యాలరీల్లో ఏముందో చెప్పను. వీళ్ళకి శాశ్వత సేకరణ అంటూ లేదు, ప్రదర్శనలు మారుతుంటాయి. మీరు వెళ్ళేసరికి వేరేవి ఉంటాయి, వెబ్‌సైట్ చూసుకుని వెళ్ళండి. బే ఏరియా (శాన్‌ఫ్రాన్సిస్కో, చుట్టుపక్కల ఊళ్ళు) కొత్త కళాకారులకి కూడా ఇక్కడ విడిగా చోటిస్తారు. గంటన్నర చాలు. సోమ, మంగళవారాలు సెలవు. దగ్గర్లోనే ఉన్న ఆధునిక కళల మ్యూజియం ఎస్ఎఫ్‌మోమాతో పోలిస్తే టికెట్ చాలా చవక. అక్కడ ఏడంతస్తులు తిరిగి కాళ్ళు పీకడం తప్ప నాకేం మిగల్లేదు.

కౌంటర్ దగ్గరావిడ ఏ ఊరని అడిగితే హైదరాబాద్ అన్నాను. అంటూనే ఏసీ గార్డ్స్ గుర్తొచ్చింది. ఏళ్ళ తరబడి ఆ స్టాపు మీదుగా బస్సులో తిరిగాను. ఏసీ అంటే ఆఫ్రికన్ క్యావల్రీ అని, నిజాం గుర్రపు దళంలో పనిచేసిన సిద్దీల, అంటే ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ పేట అదని విన్నాను కానీ, వాళ్ళదీ ఈ మ్యూజియం చెప్పే కథే అని ఎప్పుడూ తట్టలేదు. ఆ మాట చెబితే కౌంటర్ దగ్గరావిడ సిద్దీల పేరు రాసుకుంది.

ఎదురుగా యెర్బా బ్యూనా తోటలో మార్టిన్ లూథర్ కింగ్ స్మారకంగా కట్టిన జలపాతం ఉంది. నీటి వెనకగా నడవొచ్చు, ఉచితం.

రాత్రి బస మాత్రం తప్పు చేశాం. యూనియన్ స్క్వేర్ వైపు ఒక పాత హోటల్. బుకింగ్‌లో చూపించిన రేటు ఒకటి, బిల్లులో కలిపిన "ఫెసిలిటీ ఫీజు" ఇంకొకటి. ఆ ఫెసిలిటీ ఏమిటంటే రెండు నీళ్ళ సీసాలు! రాత్రికి ఫ్రీమాంట్ వెళ్ళిపోవడమే మేలు.

పొద్దున రైల్లో మేనల్లుడు "సిద్దీలంటే ఎవరత్తా?" అన్నాడు. మన పెళ్ళి బరాత్‌లో వాయించే మర్ఫా సంగీతం ఆ సిద్దీలు తెచ్చిందేరా అని, ఫోన్‌లో వెతికి పెట్టి, ఒక ఇయర్‌ఫోన్ వాడి చెవిలో పెట్టాను.