తిరుపతిలో స్పోకెన్ ఇంగ్లీష్‌కి ఫీజు కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

ఆ ఇన్‌స్టిట్యూట్ పేరు రాయను. బాలాజీ కాలనీ, భవానీ నగర్ వైపు తిరిగేవాళ్లకి ఆ ఫ్లెక్సీ తెలిసే ఉంటుంది. 60 రోజుల్లో ఇంగ్లీష్, ఇడియమ్స్ బుక్ ఫ్రీ. ఫీజు 6,500, మొత్తం ముందే కట్టాలి. కట్టాను. నాది హోటల్ రిసెప్షన్‌లో ఉద్యోగం. కొండకొచ్చే యాత్రికుల్లో తెలుగు, తమిళం రెండూ రానివాళ్లు రోజూ వస్తుంటారు, ఇంగ్లీష్ రాకపోతే కౌంటర్ దగ్గర నోరు పెగలదు. ఆ ఫీజు నా నెల జీతంలో దాదాపు సగం.

డెమో చెప్పిన సారు నిజంగా బాగా చెప్పాడు. 'హి ఈజ్ ఆల్వేస్ లేట్' అంటాం, 'హి ఆల్వేస్ కమ్స్ లేట్' అంటాం, ఆ 'ఆల్వేస్' ఒకచోట 'ఈజ్' తర్వాత, ఇంకోచోట క్రియకి ముందు ఎందుకొచ్చిందో విడమరిచి చెప్పాడు. కష్టపడి పనిచేస్తానని చెప్పబోయి ఇంటర్వ్యూలో 'ఐ హార్డ్‌లీ వర్క్' అంటే, పనే చెయ్యనని చెప్పినట్టవుతుందన్నాడు. ఆయన్ని చూసే అందరం డబ్బు కట్టాం. మళ్లీ ఆయన మొహం చూడలేదు.

క్లాసుకి వచ్చింది ఇంకో అబ్బాయి, కిందటి బ్యాచ్‌లో నేర్చుకున్నవాడట. ఫోన్‌లో పీడీఎఫ్ చూసి చదువుతాడు, మేం రాసుకోవాలి. ఇడియమ్స్ బుక్ అంటే జిరాక్స్ కాగితాలకి స్పైరల్ బైండింగ్. 'కిక్ ద బకెట్' పక్కన 'చనిపోవుట' అని ఉంది, అంతే. అది వేళాకోళంగా అనే మాట. ఇంట్లో ఎవరో పోయారని రూమ్ క్యాన్సిల్ చేసుకునే గెస్ట్ దగ్గర ఆ మాట వాడితే ఆ మనిషి మనసు ఎంత నొచ్చుకుంటుంది? ఎక్కడ వాడకూడదో ఒక్క లైన్ రాయొద్దా?

ఇదంతా ఓర్చుకున్నాను. అలవాట్ల గురించి చెప్పిన రోజు మాత్రం తట్టుకోలేకపోయాను. బోర్డు మీద 'ఐ యూజ్ టు డ్రింక్ కాఫీ ఎవ్రీ డే' అని రాసి, నేను రోజూ కాఫీ తాగుతాను అని అర్థం చెప్పాడు. అది తప్పు. ఒకప్పుడు తాగేదాన్ని, ఇప్పుడు మానేశాను అంటేనే 'ఐ యూజ్డ్ టు డ్రింక్'. ఇప్పటికీ తాగుతుంటే 'ఐ యూజువల్లీ డ్రింక్', లేదంటే ఉత్త 'ఐ డ్రింక్' చాలు. తాగడం నాకు అలవాటైపోయింది అనాలంటే 'ఐ యామ్ యూజ్డ్ టు డ్రింకింగ్'. మా హైస్కూల్ మేడమ్ ఇవి మాతో పదేపదే చెప్పించేది.

లేచి, "సార్, అది పాత అలవాటుకి కదా వాడేది?" అని మెల్లగానే అడిగాను. మార్కర్ మూత పెట్టాడు. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఏమ్మా, అంత వచ్చినదానివి ఇక్కడికెందుకొచ్చినావు? కూర్చో" అన్నాడు. వెనక బెంచీల్లో నవ్వులు. నా పక్కన పుత్తూరు నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి ఉంది. అప్పటికే ఆ వాక్యం నోట్‌బుక్‌లో రాసుకుని, ఎర్ర పెన్నుతో కింద గీత కూడా గీసుకుంది. అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది. నన్నన్న మాట కన్నా అదే ఎక్కువ బాధ. ఆ పిల్ల రేపు ఏదో ఇంటర్వ్యూలో ఆ వాక్యమే ధైర్యంగా చెప్తుంది. వాళ్ల నాన్న కష్టపడి కట్టిన డబ్బుకి వీళ్లు నేర్పింది అదీ.

క్లాసు అవగానే ఆఫీసులో డబ్బు వాపసు అడిగాను. అక్కడున్నామె ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే రసీదు వెనక్కి తిప్పి, 'కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు' అనే స్టాంపు మీద వేలు పెట్టింది. డబ్బు తీసుకునేటప్పుడు ఆ వైపు ఎవరూ చూపించలేదు. ఇంకేం మాట్లాడబోయినా, "మీ ఇష్టమొచ్చిన చోట చెప్పుకోండి" అంది.

చెప్పుకున్నాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, తెలుగులోనే మాట్లాడి ఫిర్యాదు రాసుకున్నారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్ల గడువుంది, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకి ఫీజు కూడా లేదు.

చేరాలనుకునేవాళ్లు డెమో చూసి డబ్బు కట్టకండి, నడుస్తున్న బ్యాచ్‌లో ఒక క్లాసు కూర్చోనివ్వమని అడగండి. పాఠం ఎవరు చెప్తారో రసీదు మీద రాయించుకోండి. నెలనెలా కట్టించుకుంటామంటేనే చేరండి. ఇప్పటికే కట్టేసినవాళ్లు రసీదు రెండువైపులా ఫోటో తీసి దాచుకోండి.